సీనాయి కొండ చుట్టు హద్దు

పాఠ్యభాగములు: నిర్గమకాండము 19, 20 అధ్యాయములు, లేవీయకాండము 19, 25, రెండవ సమూయేలు 6, యెషయా 6.
ధ్యాన వాక్యము: యెషయా 57:15. ఇంటిల్లిపాదియు కూడి చదువుకొనవలెను.



గడచిన వానకాలమునకు ముందు మా ప్రార్థన మందిరములో గచ్చు పగిలిపోయినందున షాబాదు బండలు పరపించితిమి. ఆ పనికి వచ్చిన కూలీలలో మన సంఘపు ముసలి తల్లి యొకతె యుండెను. ఆమె రెండు దినములు సిమెంటు తట్టలు మోసెను. ప్రభువు బల్ల యుండు చోటికి పని వచ్చినప్పుడు మాత్రము తట్ట దూరముగా దించి నిలిచిపోయెను. “పెద్దమ్మా, మేస్త్రి దగ్గరకు తేరాదా?” అని అడిగితిమి. “అయ్యగారూ, చేతులు మట్టి మట్టి ఉన్నయి. గా బల్ల కాడికి నేను రావచ్చునా?” అనెను. రావచ్చునని చెప్పగా ఆమె మెల్లగా ఇట్లనెను: “చిన్నప్పుడు ఊర్ల బాయి కాడికి పోతే దూరం దూరం అన్నరు. గుడి కాడ గట్లనే అన్నరు. దేవుడంటే దూరం నిలవడుడే అనుకున్న.”

ఆ వారము మేము బోధించుటకు సిద్ధపరచుకొనిన భాగము నిర్గమకాండము 19వ అధ్యాయము. కొండను ముట్టవద్దని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించిన అధ్యాయమది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ముట్టవద్దని మనుష్యులు ఆ తల్లితో చెప్పిరి. ముట్టవద్దని దేవుడును చెప్పెను. ఈ రెండు మాటలును ఒకటేనా? ఒకటే యైనచో ఆమెకు మన సువార్తలో సువార్త యేమున్నది? ఒకటి కానిచో భేదమెక్కడ? ఈ నెల పాఠములో ఈ ప్రశ్ననే మనము వాక్యపు వెలుగులో పరీక్షించుదము.

1. భయము, భక్తి

మన తెలుగు బైబిలులో “భయభక్తులు” అను మాట తరచుగా కనబడును. హెబ్రీ భాషలో “యిర్‌ఆ” అను ఒక్క మాటలో వణకుటయు గౌరవించుటయు రెండును ఇమిడియున్నవి. తెలుగులోనికి తెచ్చినవారు ఆ ఒక్క మాటకు రెండు మాటలు జత చేసి మనకిచ్చిరి. ఇది మనకు మేలైనది. భక్తి లేని భయము మనిషిని పారిపోవునట్లు చేయును. ఏదేనులో ఆదాము చెట్ల చాటున దాగినది అట్టి భయముతోనే. భయము లేని భక్తియో చనువుగా మారి, చనువు నిర్లక్ష్యమగును. రెండును కూడినప్పుడే మనిషి దేవుని యెదుట నిలువగలడు.

“పరిశుద్ధము” అనుటకు హెబ్రీలో “కాదోష్” అను మాట కలదు. ప్రత్యేకింపబడినది, సామాన్యమైన దానితో కలపరానిది అను భావము అందులో నున్నది. మన యిరుగుపొరుగు ఇండ్లలో మడి యను ఆచారమును ఎరిగినవారము గనుక, యెహోవా పరిశుద్ధత యనగా మరింత పెద్ద మడి యని కొందరు తలంచుదురు. అట్లు తలంచుట పొరపాటు. మండుచున్న పొదను జ్ఞాపకము చేసికొనుడి. నేల పరిశుద్ధమైనదని గ్రంథములో మొదట చెప్పబడినది అక్కడనే. మోషే చెప్పులు విడిచెను, ముఖము కప్పుకొనెను. అటు పిమ్మట ఆ పరిశుద్ధుడు పలికిన మొదటి సంగతి యేది? ఐగుప్తులో బానిసలు పెట్టు మొఱ్ఱను తాను వింటినని, వారి దుఃఖమును ఎరుగుదునని, వారిని విడిపించుటకు దిగివచ్చితినని ఆయన చెప్పెను (నిర్గమ 3:7, 8). మడి మైలనుండి తొలగిపోవును. మన దేవుని పరిశుద్ధత మట్టి త్రొక్కు బానిసల యొద్దకు దిగివచ్చెను.

2. ఆ హద్దు ఎవరికి?

ఇప్పుడు సీనాయికి పోదము. ఐగుప్తు విడిచిన మూడవ నెలలో జనులు కొండ యెదుట దిగిరి. బట్టలు ఉదుకుకొని మూడవ దినమునకు సిద్ధపడవలెనని ఆజ్ఞ కలిగెను. కొండ చుట్టు హద్దు వేయబడెను. ఉరుములు, మెరుపులు, దట్టమైన మేఘము, బూరధ్వని, కొలిమి పొగ వంటి పొగ! కొండయంతయు కంపించెను.

ఇందులో మూడు సంగతులు గమనింపవలెను.

మొదటిది, ఆ హద్దు మనుష్యునికిని మనుష్యునికిని నడుమ వేయబడలేదు. అది సృష్టికర్తకును సృష్టింపబడిన వారికిని నడుమ వేయబడినది. సామాన్య జనులు దాటరాదు, యాజకులును దాటరాదు (19:24), పశువులును దాటరాదు. పిలువబడిన మోషే అహరోనులు తప్ప గొప్పవాడేమి, చిన్నవాడేమి, అందరును క్రిందనే నిలిచిరి. అక్కడ ముందు వరుస లేదు, వెనుక వరుస లేదు.

రెండవది, ఆ జనులెవరు? మూడు నెలల క్రిందటి వరకు ఇటుకలు చేసి కొరడా దెబ్బలు తినిన కూలివారు. ఉరుము వినబడక ముందే దేవుడు వారికి ఒక పేరు పెట్టెను. మీరు నాకు యాజకుల రాజ్యము, పరిశుద్ధ జనము అగుదురని చెప్పెను (19:6). ఒక గోత్రమును మాత్రమే కాక, గుంపునంతటిని పరిశుద్ధమని పిలిచెను. హద్దుకు ముందు ఆదరణ వచ్చెను. ఈ వరుసను మనము మరువరాదు.

మూడవది, హద్దు ద్వేషము వలన కలిగినది కాదు. మేడ్చల్, శామీర్‌పేటల నడుమ నున్న రాతి గుట్టలు మీకు తెలియును. కంకర క్వారీలో తోటా పేల్చుటకు ముందు ఎఱ్ఱ గుడ్డ కట్టి, ఈల వేసి, దారిన పోవువారిని ఆపుదురు. ఆపినవాడు మనకు శత్రువా? మన పిల్లలు బ్రదుకవలెనని ఆపినవాడు. జనులు చూచినయెడల నశింతురేమో యని దేవుడే మోషేను మరల క్రిందికి పంపి హెచ్చరించెను. అగ్నియై యున్నవాడు తన జనులు కాలిపోకుండునట్లు కాపుగా హద్దు వేసెను.

పిమ్మట జనులు వణకి దూరముగా నిలిచినప్పుడు మోషే చెప్పిన మాట చిత్రమైనది. భయపడవద్దనెను, మీరు పాపము చేయకుండునట్లు ఆయన భయము మీకు కలుగవలెనని దేవుడు వచ్చెననియు అదే నోట చెప్పెను (20:20). ఒక భయము పోవలెను, మరియొక భయము నిలువవలెను. నశింతుమేమో యను భయము పోవలెను. పాపమునకు జంకు భయము నిలువవలెను.

3. మూడు సాక్ష్యములు: ఒక చేయి, ఒక ధూపార్తి, ఒక జత పెదవులు

ఉజ్జా చేయి. దావీదు మందసమును యెరూషలేమునకు తెచ్చుచుండగా నాకోను కళ్ళము నొద్ద ఎడ్లు కాలు జారెను. ఉజ్జా చేయి చాపి మందసమును పట్టుకొని అక్కడనే చనిపోయెను. ఈ సంగతి చదివినప్పుడు మనకు గుండె బరువగును. మేలు చేయబోయినవానికి మరణమా యని అడుగుదుము. అయితే వెనుకటి సంగతి చూడుడి. మందసమును కహాతీయులు భుజముల మీద మోయవలెను, ముట్టరాదు అని ధర్మశాస్త్రము చెప్పెను (సంఖ్యా 4:15, 7:9). క్రొత్త బండి మీద పెట్టుట ఫిలిష్తీయులు చేసిన పద్ధతి. ఉజ్జా అబీనాదాబు కుమారుడు. మందసము అనేక సంవత్సరములు ఆ యింటనే యుండెను. పెరటి చెట్టు మందుకు రాదని మన పెద్దలు చెప్పుదురు. ఇంటనున్నది గనుక చనువు కలిగెనేమో!

ఇక్కడ కాపరులమైన మేమే మొదట తలవంచవలెను. ఒక ఆదివారము పెండ్లికి పోవలెనను తొందరలో మేము ప్రభువు బల్లను గడియారము చూచుచు ముగించితిమి. ఒక తల్లి కన్నీటితో మోకరించియుండగా పాత్రను ముందుకు జరిపివేసితిమి. ఎవరును మమ్మును నిందింపలేదు. అయినను ఉజ్జా కథ చదివిన ప్రతిసారి ఆ గడియారము మా కన్నుల యెదుట నిలుచును.

అయితే ఆ అధ్యాయము మరణముతో ముగియలేదు. అదే మందసము ఓబేదెదోము ఇంట మూడు నెలలుండగా ఆ యింటివారందరును ఆశీర్వాదము పొందిరి. శామీర్‌పేట పెద్ద చెఱువు నీరు ఎరిగి మెలగువానికి పంట నిచ్చును, నిర్లక్ష్యముగా దిగువానిని ముంచివేయును. నీరు ఒకటే. దేవుని శక్తి దేవుని దయకు వేరైనది కాదు.

ఉజ్జియా ధూపార్తి. ఉజ్జియా రాజు చాల కాలము మంచిగా ఏలెను. స్థిరపడిన తరువాత అతని మనస్సు గర్వించెను. తనకు నియమింపబడని ధూపము వేయుటకు మందిరములో చొరబడెను. అజర్యా యను యాజకుడును అతనితో ఎనుబది మంది యాజకులును రాజును ఎదిరించిరి. రాజు కోపించుచుండగానే అతని నొసట కుష్ఠు పుట్టెను. చనిపోవు దినము వరకు అతడు ప్రత్యేకమైన ఇంట నివసించెను (2 దినవృత్తాంతములు 26:16–21). ఈ కథను బట్టి ఆ వ్యాధి గలవారిని మనము తీర్పు తీర్చరాదు. అది నేడు ఉచితముగా దొరకు మందులతో నయమగు రోగము. ఇక్కడ సంగతి వ్యాధి కాదు, గర్వము. పరిశుద్ధుని యెదుట రాజు కిరీటమునకు కూడ వేరే ద్వారము లేదని గ్రంథము చెప్పుచున్నది.

యెషయా పెదవులు. ఆ ఉజ్జియా మృతినొందిన సంవత్సరమున, అనగా క్రీస్తు పూర్వము సుమారు 740లో, యెషయా దర్శనము చూచెను. ఆరేసి రెక్కల సెరాపులు సహితము రెండు రెక్కలతో ముఖములను, రెంటితో కాళ్ళను కప్పుకొనిరి. పరిశుద్ధుడను మాట మూడుమారులు మ్రోగెను. గడప కమ్ములు అదిరెను, మందిరము పొగతో నిండెను. యెషయా ధూపార్తి పట్టుకొని చొరబడలేదు. నేను అపవిత్రమైన పెదవులు గలవాడనని మొఱ్ఱపెట్టెను. తన జనులను వేలెత్తి చూపుటకు ముందు తన్ను తాను ఒప్పుకొనెను. అప్పుడు జరిగినదేమి? పొమ్మని మాట రాలేదు. బలిపీఠము మీది నిప్పు అతని యొద్దకు వచ్చి అతని పెదవులను తాకెను. పాపము తీసివేయబడెను.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. హక్కుతో వచ్చిన రాజు వెలుపలికి పోయెను. అపవిత్రుడనని ఒప్పుకొనినవాడు లోపల నిలిచెను. మనుష్యుల లెక్కలో మైల అంటును, పవిత్రత చెడును. బలిపీఠము యొద్ద పవిత్రతయే వచ్చి అపవిత్రతను ముట్టి దానిని కాల్చివేసెను. మన ప్రభువు కుష్ఠరోగిని చేయి చాపి ముట్టినప్పుడు జరిగినదియు ఇదియే (మార్కు 1:41).

4. “దేవునికి భయపడుము” అను ఆజ్ఞ ఎక్కడ వచ్చును?

ఇది మనము ప్రత్యేకముగా నేర్చుకొనవలసిన భాగము. లేవీయకాండమును చదువువారు అది బలులను, శుద్ధీకరణములను గూర్చిన గ్రంథమందురు. నిజమే. అయితే దేవునికి భయపడుమను ఆజ్ఞ ఆ గ్రంథములో ఐదు చోట్ల వచ్చును. ఆ ఐదింటిలో ఒకటియు ధూపమును గూర్చినది కాదు. లెక్కించి చూడుడి.

19:14లో, చెవిటివానిని తిట్టవద్దు, గ్రుడ్డివాని యెదుట అడ్డము వేయవద్దు అని చెప్పి, దేవునికి భయపడుమనెను. 19:32లో, తల నెరసిన ముసలివాని యెదుట లేచి నిలువుమని చెప్పి ఆ మాటయే చెప్పెను. 25:17లో, భూమి క్రయ విక్రయములలో ఒకనినొకడు బాధింపవద్దని చెప్పి ఆ మాటయే. 25:36లో, బీదపడిన సహోదరుని యొద్ద వడ్డి తీసికొనవద్దని చెప్పి ఆ మాటయే. 25:43లో, సేవకుని కఠినముగా ఏలవద్దని చెప్పి ఆ మాటయే.

ఏల ఈ ఐదు చోట్లనే? చెవిటివాడు తిట్టు వినడు. గ్రుడ్డివాడు అడ్డము వేసినవాని ముఖము చూడడు. ముసలివాడు తిరిగి కొట్టలేడు. భూమి పోగొట్టుకొనినవాడు, అప్పులవాడు, కూలివాడు నోరెత్తలేరు. చేసినవానిని అడుగువాడు లేని చోట, అడుగువాడొకడు ఉన్నాడని దేవుడు ముందుకు వచ్చి నిలుచుచున్నాడు. పరిశుద్ధులై యుండుడని మొదలైన 19వ అధ్యాయము పొలము గట్టు మూలలలో బీదలకు పంట విడువుమని, కూలి తెల్లవారువరకు ఆపవద్దని, త్రాసులు తూనికరాళ్ళు సరిగా నుండవలెనని చెప్పుచు పోవును. సీనాయి హద్దు ఇట్లు మన పొలము హద్దు వరకు వచ్చినది.

ఇట్టి భయము గలవానికి మనుష్యుల భయము ఉండదు. షిఫ్రా, పూయా అను మంత్రసానులు దేవునికి భయపడిరి గనుక ఫరో ఆజ్ఞకు భయపడక మగపిల్లలను బ్రదుకనిచ్చిరి (నిర్గమ 1:17). ఇద్దరు బీద స్త్రీలు సింహాసనమునకు జంకలేదు. దేవుని యెదుట మోకరించువాడు ఇతరుల యెదుట నిటారుగా నిలువగలడు.

5. మన నాటి సంగతులు

మన తాతముత్తాతలలో అనేకులు వెలివాడలనుండి ప్రభువు నొద్దకు వచ్చిరి. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసెను. దానికి ముందే మన త్రోవలో కొన్ని సాక్ష్యములు నిలిచినవి. మేడ్చల్ మీదుగా నిజామాబాదు వైపు పోవు రైలు దిచ్‌పల్లి మీదుగా పోవును. అక్కడ స్కాట్లాండు నుండి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠరోగులకు చికిత్సాలయము తెరచెను. ఎవరును ముట్టనివారిని ముట్టి కట్టు కట్టుట అక్కడి పని. మెదకు మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. పోస్నెట్టు దొరగారు కరవు కాలములో ఆకలిగొన్నవారికి పని కల్పించి దానిని కట్టించిరి. ఆకలిగొన్నవారి చేతులే ఆ రాళ్ళు మోసెను. ఆ ఎత్తైన గోపురము క్రింద నిలిచి దేవుని మహిమను తలంచువారు ఆ చేతులనుగూడ తలంచవలెను.

అయితే ప్రియులారా, మన పితరులను దూరముగా నిలిపిన ఆ హద్దును మనమే మందిరములోనికి మోసికొని వచ్చితిమా? కొన్ని సంఘములలో కులమును బట్టి కూర్చుండు చోటు వేరు, సమాధుల స్థలము వేరు, పిల్లనిచ్చుట వేరు. ఒకే పాత్రలో త్రాగి, బయట ఒకరి యింట ఒకరు నీళ్ళు త్రాగనివారును కలరు. దేవుడు వేయని హద్దును వేయుట పరిశుద్ధత కాదు. అది ఉజ్జియా గర్వము వంటిదే.

మరియు భూమి సంగతి. అవుటరు రింగు రోడ్డు మేడ్చల్, శామీర్‌పేటల మీదుగా వచ్చిన తరువాత మన పొలములు ప్లాట్లయినవి, వెంచర్ల జెండాలు వెలసినవి. గట్టు మీద కూర్చుండి సద్ది తినిన అన్నదమ్ములు నేడు కోర్టు వరండాలో మాటలాడుకొనక నిలుచుచున్నారు. చదువు రాని అక్కచెల్లెండ్ర చేత ఏమి కాగితమో చెప్పక వేలిముద్ర వేయించుకొనుట గ్రుడ్డివాని త్రోవలో అడ్డము వేయుటయే. రాత్రివేళ హద్దు రాయి జరుపుట దేవుని హద్దు దాటుటయే (ద్వితీయోపదేశకాండము 19:14). చెప్పులు గడప వెలుపల విడిచి, మోసమును లోపలికి తెచ్చినయెడల చెప్పులు విడిచి ప్రయోజనమేమి?

ఇంకొక మాట. మలాకీ ప్రవక్త, గ్రుడ్డి పశువును కుంటి పశువును అర్పించువారిని చూచి, దానిని నీ అధికారికి ఇచ్చి చూడుము, అతడు సంతోషించునా యని అడిగెను (1:8). 2022లో శామీర్‌పేట వద్ద మన జిల్లా కలెక్టరు కార్యాలయము ప్రారంభమైనది. అక్కడికి పోవునప్పుడు ఉతికిన బట్టలు కట్టుకొందుము, వేళకు ముందే పోదుము, ఫోను నోరు మూయుదుము. రాజుల రాజు సన్నిధికి వచ్చునప్పుడు ఎట్లు వచ్చుచున్నాము? రెండవ పాట అయిన తరువాత వచ్చి, ప్రసంగములో ఫోను చూచి, మిగిలిన చిల్లర కానుక వేయుచున్నాము. ఇది బీదతనము కాదు. విధవరాలి రెండు కాసులను ఆయన గొప్పగా ఎంచెను. ఇది భయభక్తులు సన్నగిల్లుటయే.

ముగింపు

ఇక ఆ ముసలి తల్లి ప్రశ్నకు జవాబు చెప్పవలెను. మనుష్యులు ఆమెను దూరముగా నిలిపినది తాము ఎత్తుగా నుండుటకు. దేవుడు కొండకు హద్దు వేసినది అందరిని ఒకే నేల మీద నిలుపుటకు, పిమ్మట తానే దిగివచ్చుటకు. మహోన్నతుడును పరిశుద్ధుడునైన వాడు నలిగిన మనస్సు గలవారితో కూడ నివసించునని యెషయా 57:15 సాక్ష్యమిచ్చుచున్నది. క్రీస్తు మరణమందు దేవాలయపు తెర పైనుండి చినిగెను. అయినను మన దేవుడు దహించు అగ్నియే (హెబ్రీ 12:29). తెర తీయబడినది గనుక ధైర్యముగా వచ్చెదము. అగ్ని గనుక చెప్పులు విడిచి వచ్చెదము.

ఆమెకు మేము నిప్పు తాకిన పెదవుల కథ చెప్పితిమి. ఆమె చేతులు చూచుకొని ఏమియు పలుకలేదు. ఆమె మోసిన సిమెంటుతో పరచిన బండల మీద సంఘము కూడిన మొదటి ఆదివారము, ఆమె అందరితో కూడ వరుసలో వచ్చి బల్ల యొద్ద మోకరించెను. తల వంచియే యుండెను గాని వణకలేదు. ఆ దినము మేము గడియారము చూడలేదు.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. సీనాయి హద్దు ఎవరెవరికి వర్తించెను? మన గ్రామములోని హద్దులకును దానికిని భేదమేమి?
2. ఉజ్జియా, యెషయా ఇద్దరును మందిరమునకు సంబంధించినవారే. ఒకరు వెలుపలికి పోవుటకు, ఒకరు నిలుచుటకు కారణమేమి?
3. లేవీయకాండములో దేవునికి భయపడుమని చెప్పబడిన ఐదు చోట్లను చదివి, మన యింటిలో, పొలములో, కూలి పనిలో వాటికి సరియైన సంగతులను ఒక్కొక్కటి చెప్పుడి.
4. మన సంఘములో దేవుడు వేయని హద్దు ఏదైన ఉన్నదా? దానిని తీసివేయుటకు మొదట ఎవరు లేవవలెను?

ప్రార్థన

పరిశుద్ధుడవైన తండ్రీ, నీ యెదుట మేమందరము ఒకే నేల మీద నిలుచువారము. నీకు భయపడుటకు మారుగా మనుష్యులకు భయపడిన మమ్మును, మా కంటె చిన్నవారిని భయపెట్టిన మమ్మును క్షమించుము. మా పెదవులను, మా చేతులను, మా పొలముల హద్దులను నీ బలిపీఠపు నిప్పుతో శుద్ధిచేయుము. దూరముగా నిలిచినవారిని పిలుచు స్వరము మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.